తనిఖీ యంత్రానిది, అమానతు మనది

జుమా నమాజు ముగించుకుని మస్జిదు మెట్లు దిగితే చాలు, కాలం ఎంతగా మారిందో కళ్లకు కడుతుంది. నల్గొండ క్లాక్‌టవర్ దగ్గరైనా, మహబూబ్‌నగర్ క్లాక్‌టవర్ దగ్గరైనా అదే దృశ్యం. అరటిపండ్ల బండికి, అత్తరు సీసాల బల్లకు, చాయ్ హోటల్ గల్లాకు, చివరికి చెప్పులు కుట్టే అన్న పెట్టెకు కూడా నల్లని గళ్ల కాగితం ఒకటి అతికించి ఉంటుంది. ఫోను చూపితే డబ్బు పోతుంది, డబ్బా మాట్లాడితే డబ్బు వచ్చినట్టు. జేబులో చెయ్యి పెట్టేవారు తక్కువయ్యారు. చిల్లర లేదన్న తగాదా దాదాపు పోయింది.

అయితే పాత తగాదా పోయిన చోట కొత్త తగాదా వచ్చింది. "పంపిన" అంటాడు కొన్నవాడు. "రాలే" అంటాడు అమ్మినవాడు. మధ్యలో ఫోను ఉంది, బ్యాంకు ఉంది, కంటికి కనిపించని తీగలెన్నో ఉన్నాయి. కాని ఇద్దరి మధ్య ఉండవలసిన నమ్మకం ఎక్కడుంది? ఈ శుక్రవారం మనం ఆలోచించవలసిన సంగతి ఇదే.

ఒక తల్లి మౌనం

మహబూబ్‌నగర్‌లో గాజుల బండి నడుపుకునే ఒక వితంతువు మాకు తెలుసు. పిల్లలంతా ఆమెను ఖాలా అని పిలుస్తారు. రెండేళ్ల క్రితం ఆమెకొక ఫోన్ వచ్చింది. మాట్లాడినవాడు ఎంతో మర్యాదగా, సలాం చేసి మరీ మాట్లాడాడు. ఇంట్లో షాదీ ఉందని, ఎన్నో డజన్ల గాజులు కావాలని, అడ్వాన్సు ఇప్పుడే పంపుతానని అన్నాడు. వాట్సాప్‌లో ఒక క్యూఆర్ కోడ్ పంపి, దాన్ని స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు మీ ఖాతాలో పడుతుందని నమ్మబలికాడు. పదో తరగతి చదివే కొడుకు స్కాన్ చేశాడు. తల్లి చెప్పిన పిన్ కొట్టాడు. డబ్బు పడలేదు, పోయింది. రంజాన్ సరుకు కోసం ఆమె కూడబెట్టుకున్న 9,500 రూపాయలు ఒక్క నిమిషంలో మాయమయ్యాయి.

మమ్మల్ని ఎక్కువగా కలచివేసింది ఆ తరువాత జరిగినది. ఆ తల్లి నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. అన్నకు చెబితే తిడతాడని భయం. బస్తీలో తెలిస్తే నవ్వుతారని సిగ్గు. కొడుకు తనవల్లే పోయిందని అన్నం మానేశాడు. అయిదో రోజు అసర్ నమాజు తరువాత ఆ పిల్లవాడే మదరసాకు వచ్చి మా ముందు ఏడ్చాడు. అప్పుడు ఫిర్యాదు చేశాం. కాని ఆలస్యమైంది. డబ్బు ఏ ఖాతాలోకి పోయిందో దొరికింది గాని, ఆ ఖాతాలో ఏమీ మిగల్లేదు.

ఇందులో యంత్రం తప్పేమీ లేదని గమనించాలి. యంత్రం తన తనిఖీ తాను చేసింది. ఫోను ఆమెదేనా? ఆమెదే. సిమ్ ఆమెదేనా? ఆమెదే. పిన్ సరైనదేనా? సరైనదే. మూడు ప్రశ్నలకూ సరైన జవాబే దొరికింది. అందుకే తలుపు తెరిచింది. తాళంచెవి సరైనదా అన్నదే తాళం చూస్తుంది. తెరిచేవాడికి మాయమాట చెప్పినవాడు వెనుక నిలబడ్డాడా లేదా అన్నది దానికి తెలియదు. ఆ తనిఖీ మనిషిది.

కాసును మోగించి చూసిన కాలం

తనిఖీ అనేది కొత్త సంగతేమీ కాదు. నిజాం కాలంలో మన ఈ రెండు జిల్లాల్లో హాలీ సిక్కా నడిచేది. బ్రిటిషు వారి రూపాయిని కల్దార్ అనేవారు. రెండింటి విలువ ఒకటి కాదు. కాబట్టి సంతకు వెళ్లినవాడు ఏ సిక్కా ఇస్తున్నాడో, ఏ సిక్కా తీసుకుంటున్నాడో చూసుకోవలసి వచ్చేది. షావుకారు కాసును రాతి మీద వేసి మోగించి చూసేవాడు. ఖంగుమంటే అసలు, బొద్దుగా మోగితే నకిలీ. అలా మోగించినందుకు ఇచ్చినవాడు కోపగించుకునేవాడు కాదు. అది బజారు మర్యాద అని అందరికీ తెలుసు.

ఇప్పుడు ఆ రాతి స్థానంలో మాట్లాడే డబ్బా వచ్చింది. అయితే ఆ బజారు మర్యాద మాత్రం కొందరు మరిచిపోయారు. రంజాన్ చివరి రోజుల్లో ఒక బట్టల దుకాణంలో మా కళ్ల ముందే జరిగిందొకటి. కొన్నవారు డబ్బు పంపామని ఫోను చూపారు. డబ్బా పలకలేదు. దుకాణంలోని యువకుడు, "చాచా, ఒక్క నిమిషం ఆగుండ్రి, ఇంకా పడలే" అన్నాడు. పెద్దమనిషికి రోషం వచ్చింది. "నన్ను దొంగ అంటున్నవా?" అని గట్టిగా అరిచారు. జనం పోగయ్యారు. పది నిమిషాల తరువాత డబ్బు పడింది. కాని అప్పటికి ఇద్దరి మాటలూ హద్దు దాటాయి. పండుగకు ముందు రెండు హృదయాలు విరిగాయి.

ఆ యువకుడు చేసిన తప్పేమిటి? ఏమీ లేదు. డబ్బు పంపినట్టు ఉత్తుత్తి బొమ్మ చూపించే నకిలీ యాప్‌లు చేతికి దొరుకుతున్న రోజులివి. సాయంత్రానికి గల్లా లెక్క తేలకపోతే ఆ లోటు అతని కూలీలోంచి పోతుంది. అడగటం అతని బాధ్యత. ఆగటం మన మర్యాద.

రాసుకోమన్న ధర్మం మనది

ధర్మం తెలిసినవారు ఒకటి గుర్తుచేసుకోవాలి. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన వాక్యం నమాజు గురించో, ఉపవాసం గురించో కాదు. అది అప్పు లావాదేవీని రాసుకోవటం గురించి. బఖరా సూరాలోని 282వ వాక్యం అది. గడువు పెట్టుకుని ఇచ్చిపుచ్చుకునే అప్పును రాసుకోవాలని, రాసేవాడు న్యాయంగా రాయాలని, చిన్నదైనా పెద్దదైనా రాయటానికి బద్ధకించరాదని, సాక్షులను పెట్టుకోవాలని అందులో ఆదేశముంది. అప్పటికప్పుడు చేతులు మారే సరుకుకు రాతలో వెసులుబాటు ఇస్తూనే, అమ్మకాలు కొనుగోళ్లకు సాక్షులను ఉంచుకోమని కూడా ఉంది.

గమనించండి. ఇది ఒకరినొకరు నమ్మే విశ్వాసులను ఉద్దేశించి చెప్పిన మాట. నమ్మకం ఉంది కదా, రాత ఎందుకని ఇస్లాం అనలేదు. నమ్మకం నిలవాలనే రాత అవసరమైంది. రాత లేని చోట రేపు మరుపు వస్తుంది, మరుపు వెంట అనుమానం వస్తుంది, అనుమానం వెంట పగ వస్తుంది.

ఈ వాక్యంలోనే మరొక మేలిమి సూచన ఉంది. రాయవలసిన మాటను అప్పు తీసుకున్నవాడే చెప్పాలి. అతను తెలివితక్కువవాడో, బలహీనుడో, చెప్పలేనివాడో అయితే అతని తరఫున సంరక్షకుడు న్యాయంగా చెప్పాలి. చదవలేని అమ్మీ తరఫున ఫోను పట్టుకునే కొడుకు, చూపు ఆనని దాదా తరఫున మీట నొక్కే మనవడు ఈ సంరక్షకుని స్థానంలోనే ఉన్నారు. ఆ స్థానం ఎంత బరువైనదో మనలో ఎందరికి తెలుసు?

ఇక బజారు తనిఖీ సంగతి. దైవప్రవక్త (సఅసం) ఒకసారి బజారులో ధాన్యం రాశిని చూశారు. పైన ఎండుగా ఉన్న ఆ రాశిలోకి చెయ్యి పెట్టి చూస్తే వేళ్లకు తడి తగిలింది. వానకు తడిసిందని అమ్మకందారు చెప్పుకున్నాడు. మరి తడిసినదాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు. మోసగించేవాడు తనవాడు కాడని తేల్చి చెప్పారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసును మనం ఎన్నో ఖుత్బాల్లో విన్నాం. మోసం చెయ్యకూడదన్న పాఠాన్ని తీసుకున్నాం, మంచిదే. పైపై చూపుతో సరిపెట్టుకోక రాశిలోపల చెయ్యి పెట్టి చూడాలన్న రెండో పాఠాన్ని మాత్రం వదిలేశాం.

యంత్రం ఏమి చూస్తుంది?

యూపీఐ అనే ఈ పద్ధతి 2016 ఏప్రిల్‌లో మొదలైంది. అదే ఏడాది నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దు కావటంతో దానివైపు జనం మళ్లారు. కరోనా కాలంలో నోటు ముట్టడానికే భయపడిన రోజులు దాన్ని పల్లెదాకా తెచ్చాయి. 2025 ఆగస్టు ఒక్క నెలలోనే దేశంలో 2,000 కోట్ల యూపీఐ లావాదేవీలు జరిగాయంటే అది ఎంతగా పాకిందో ఊహించవచ్చు.

దీనివల్ల జరిగిన మేలును కాదనలేం. పాలమూరు కూలీలు ముంబై, పుణె వంటి దూర నగరాలకు వలస పోవటం తరతరాల కథ. వెనుకటి రోజుల్లో ఇంటికి పైసలు పంపాలంటే మనియార్డరు కావాలి, లేదా ఊరికి వచ్చే మనిషి చేతికి ఇవ్వాలి. ఆ మనిషి నిజాయితీ మీద ఇంటి పొయ్యి ఆధారపడేది. ఇప్పుడు పని ముగిసిన సాయంత్రమే తల్లి ఖాతాలో డబ్బు పడుతోంది. ఎంత ఇచ్చారో, ఎప్పుడు ఇచ్చారో ఫోనులో రాత ఉంటోంది. కూలీ ఎగ్గొట్టే మేస్త్రీకి ఆ రాతే సమాధానం చెబుతోంది.

అయితే ఈ రాతకు కావలి ఎంత? యూపీఐలో రెండు కావళ్లున్నాయి. ఒకటి, ఖాతాకు ముడిపడిన సిమ్ ఉన్న ఫోను. రెండు, మన మనసులో ఉండవలసిన పిన్. చిన్న మొత్తాలకు యూపీఐ లైట్ అనే ఏర్పాటులో ఆ పిన్ కూడా అక్కర్లేదు. ముట్టించి చెల్లించే కార్డుల విషయంలోనూ అంతే. 2021 జనవరి 1 నుంచి 5,000 రూపాయల వరకు పిన్ లేకుండానే కార్డు తాకించి చెల్లించే వీలు వచ్చింది. ఆ సౌకర్యం కావాలా వద్దా అన్నది మన చేతుల్లోనే ఉంచాలని రిజర్వు బ్యాంకు 2020లోనే ఆదేశించింది. బ్యాంకు యాప్‌లోనో, బ్యాంకుకు వెళ్లో దాన్ని ఆపివేయించుకోవచ్చు. రద్దీ సంతల్లో, ఉర్సుల్లో తిరిగే పెద్దవారి కార్డులకు అది ఆపి ఉంచటమే క్షేమం.

సౌకర్యం పెరిగిన కొద్దీ కావలి పలచనవుతుంది. కావలి పెరిగిన కొద్దీ సౌకర్యం తగ్గుతుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడ నిలబడాలో బ్యాంకు ఒక్కటే నిర్ణయించరాదు. ఇంటి పెద్దలు కూడా కూర్చుని నిర్ణయించుకోవాలి.

తెరమీది పేరు చదవాలి

డబ్బు పోయే ముందు ఫోను తెర మీద ఒక పేరు కనిపిస్తుంది. అది ఎవరి ఖాతాకు పోతోందో చెప్పే పేరు. మనలో చాలామంది దాన్ని చదవరు. ఎంత అంకె కొట్టామో చూసుకుని ముందుకు పోతారు. అసలు తనిఖీ అక్కడే ఉంది.

ఇండోనేషియా రాజధాని జకార్తాలో 2023 రంజాన్ మాసంలో జరిగిన సంగతి మనకు కనువిప్పు కావాలి. ఒక వ్యక్తి మస్జిదుల్లో విరాళాల పెట్టెల దగ్గర తన సొంత క్యూఆర్ కోడ్‌లు అతికించాడు. మస్జిదు పునరుద్ధరణ నిధి అన్నట్టుగా ఖాతాకు పేరు పెట్టుకున్నాడు. ప్రసిద్ధమైన ఇస్తిఖ్‌లాల్ మస్జిదును కూడా వదల్లేదు. అల్లాహ్ పేరిట ఇచ్చిన సదఖా ఒకడి జేబులోకి పోయింది. సీసీ కెమెరాల్లో కనిపించి అతను పట్టుబడ్డాడు.

అంత దూరం ఎందుకు? మధ్యప్రదేశ్‌లోని ఖజురాహోలో 2025 జనవరిలో దుండగులు రాత్రివేళ దుకాణాల బయట ఉన్న కోడ్‌లపై తమ కోడ్‌లు అతికించిపోయారు. తెర మీద దుకాణం పేరుకు బదులు వేరే పేరు వస్తోందని తెలిశాక బండారం బయటపడింది. అంటే ఆ మోసాన్ని బయటపెట్టింది పెద్ద పెద్ద యంత్రాలు కావు. పేరు చదవటమనే చిన్న అలవాటు.

మన జిల్లాల్లో కూడా ఇప్పుడు ఎన్నో మస్జిదులు, మదరసాలు చందా కోసం కోడ్‌లు పెట్టుకున్నాయి. కమిటీ పెద్దలకు మా మనవి ఒకటే. కోడ్ ఎవరి సొంత ఖాతాదీ కాక మస్జిదు ఖాతాదే కావాలి. దాని కింద ఖాతా పేరు పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. ప్రతి జుమాకు ముందు ఒకరు ఒక్క రూపాయి పంపి సరిచూడాలి. నెలకోసారి లెక్క గోడకు అంటించాలి. ఇది ముతవల్లీని అనుమానించటం కాదు. అతని పేరుమీద మచ్చ పడకుండా కాపాడటం. అనాథల సొమ్మును వారికి అప్పగించేటప్పుడు సాక్షులను పెట్టుకోమని నిసా సూరా ఆరో వాక్యం చెబుతోందంటే, జమాఅతు సొమ్ముకు సాక్షి అక్కర్లేదా?

వేలిముద్ర అనే తాళంచెవి

ఫోను లేనివారికి వేలే తాళంచెవి. పల్లెల్లో మినీ బ్యాంకు అని పిలిచే చోట ఆధార్ సంఖ్య చెప్పి, వేలు పెట్టి డబ్బు తీసుకుంటున్నారు. ఆసరా, చేయూత పింఛన్లకూ గుర్తింపు కావాలి. ఇక్కడ రెండు వైపులా కష్టముంది.

ఒకవైపు, అర్హుడైనవాడిని యంత్రం గుర్తించదు. పొలం పనుల్లో, రాళ్ల పనుల్లో వేళ్ల గీతలు అరిగిపోయిన ముసలివారు ఎందరో. ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మునుగోడు, మర్రిగూడ ప్రాంతాల పెద్దలను చూసినవారికి ఈ బాధ తెలుసు. వేలు పదిసార్లు పెట్టినా ఎర్ర దీపమే. ఆమె ఆమేనని ఊరంతా సాక్ష్యం చెబుతుంది, యంత్రం మాత్రం ఒప్పుకోదు. ఈ ఇబ్బంది తీర్చటానికే రాష్ట్ర ప్రభుత్వం 2025లో పింఛన్లకు ముఖం చూసి గుర్తుపట్టే విధానం తెచ్చింది. ఉద్దేశం మంచిదే. కాని యంత్రం ఏదైనా, అది కాదన్నప్పుడు మనిషి మాట వినే దారి ఒకటి తెరిచి ఉండాలి.

మరొకవైపు, అర్హత లేనివాడు దొంగ వేలితో లోపలికి వస్తున్నాడు. 2018లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒకడు భూముల రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలు సేకరించి, వాటి నకళ్లు తయారుచేసి, వాటితో సిమ్ కార్డులు చలామణీలోకి తెచ్చి పట్టుబడ్డాడు. పిన్ పోతే మార్చుకోవచ్చు. వేలిని మార్చుకోగలమా? అందుకే ఆధార్ వారు వేలిముద్రకు తాళం వేసుకునే వీలు ఇచ్చారు. అవసరమైనప్పుడు తీసి మళ్లీ వేసుకోవచ్చు. మినీ బ్యాంకుకు వెళ్లేవారు రసీదు లేకుండా బయటికి రాకూడదు. "పడలే, మళ్లీ పెట్టు" అంటే, మొదటిసారి నిజంగానే పడలేదా అని ఖాతా నిల్వ చూపమని అడగాలి. అడగటం అమర్యాద కాదు.

చట్టం ఎవరి వైపు?

మోసం జరిగితే డబ్బు ఎవరు భరించాలి? 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వులో ఈ ప్రశ్నకు జవాబుంది. తప్పు బ్యాంకుదైతే ఖాతాదారు రూపాయి కూడా భరించనక్కర్లేదు. తప్పు బ్యాంకుదీ కాక, ఖాతాదారుదీ కాక, నడుమ ఎక్కడో జరిగి, ఖాతాదారు మూడు పనిదినాల్లో తెలియజేస్తే అప్పుడూ అతనికి నష్టం లేదు. నాలుగు నుంచి ఏడు రోజులైతే కొంత భరించాలి. కాని ఖాతాదారే పిన్‌ను, రహస్య సంఖ్యను ఇతరులకు చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టమంతా అతనిదే. తెలియజేసిన తరువాత జరిగేది బ్యాంకుది. తప్పు ఖాతాదారుదేనని నిరూపించే భారం కూడా బ్యాంకు మీదే ఉంచారు.

డబ్బు మన ఖాతాలో కోత పడి, అవతలివారికి చేరకపోతే ఏమిటన్నదానికి 2019 సెప్టెంబరు 20న మరో ఉత్తర్వు వచ్చింది. యూపీఐలో మనిషికి పంపినది చేరకపోతే మరునాటికల్లా, దుకాణానికి పంపినది ఖరారు కాకపోతే అయిదు రోజుల్లో వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని అందులో ఉంది. ఆ బట్టల దుకాణంలో అరిచిన పెద్దమనిషికి ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే గొంతు లేచేదే కాదు.

అయితే చట్టాన్ని చదివాక మాకొక సందేహం మిగిలింది. గాజుల ఖాలా విషయం తీసుకోండి. పిన్ ఆమె ఇంట్లోనే కొట్టారు. కాబట్టి లెక్కప్రకారం తప్పు ఆమెదే. కాని "ఇది డబ్బు రావటానికి కాదు, పోవటానికి" అని ఆమెకు అర్థమయ్యే భాషలో తెర చెప్పిందా? ఆమె ఫోను ఇంగ్లీషులో ఉంది. బ్యాంకు సందేశం ఇంగ్లీషులో ఉంది. తెలంగాణలో తెలుగుతోపాటు ఉర్దూ కూడా అధికార భాషే. హెచ్చరిక చదవగలిగినవాడికే హెచ్చరిక. చదవలేనివారికి అది నల్లని గీతలు మాత్రమే. చదవలేనివారి చేతికి పరికరం ఇచ్చినవారు, చదవలేదన్న తప్పును వారి మీదే వేస్తే అది న్యాయమనిపించుకోదు. బ్యాంకులు ఖాతా తెరిచేటప్పుడే ఖాతాదారు భాష అడిగి, ఆ భాషలోనే, వీలైతే గొంతుతో హెచ్చరించాలి. ఇది దయ కాదు, హక్కు.

ఇంటిలోని అమానతు

ఇతరులను నిలదీసే ముందు మమ్మల్ని మేమే నిలదీసుకోవాలి. మేమూ ఇదే తప్పు చేశాం. కళ్లజోడు వెతుక్కునే బద్ధకంతో దాదాపు ఏడాదిపాటు మా ఫోను పిన్‌ను ఒక శిష్యునికి చెప్పి ఉంచాం. కరెంటు బిల్లు, గ్యాసు బిల్లు అన్నీ అతనే కట్టేవాడు. ఒక్క రూపాయి పోలేదు, అల్‌హమ్దులిల్లాహ్. కాని ఒకరోజు అమానతు గురించి పాఠం చెబుతుండగా మాకు సిగ్గనిపించింది. పన్నెండేళ్ల పిల్లవాడి చేతిలో మేము పెట్టింది సేవా, లేక పరీక్షా? ఏదైనా పోయి ఉంటే మొదటి అనుమానం ఎవరి మీద పడేది? మా బద్ధకం ఒక పసివాడి పరువును పణంగా పెట్టింది. ఆ సాయంత్రమే పిన్ మార్చుకుని, అతన్ని క్షమాపణ అడిగాం.

హిజ్రత్ రాత్రి సంగతి మనందరికీ తెలుసు. ప్రాణం తీయాలని మక్కావాసులు ఇల్లు చుట్టుముట్టిన వేళ కూడా, వారు తన దగ్గర దాచుకున్న సొమ్ములను ఎవరివి వారికి చేర్చమని దైవప్రవక్త (సఅసం) హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచి వెళ్లారు. శత్రువు సొమ్ముకే అంత కావలి ఉన్నప్పుడు, కన్నతల్లి పింఛను డబ్బుకు కావలి ఎంత ఉండాలి? అమ్మీ ఖాతా కొడుకు ఫోనులో ఉంటుంది. ఎంత వచ్చిందో అమ్మీకి తెలియదు. అడిగితే "ఉన్నయిలే" అన్న జవాబు వస్తుంది. ఇది దొంగతనం కాదని కొడుకు అనుకుంటాడు. కాని అమానతులను హక్కుదారులకు అప్పగించమన్న ఖుర్ఆన్ ఆదేశంలో కొడుకులకు మినహాయింపు ఎక్కడా లేదు.

కాబట్టి ఇంట్లో ఒక చిన్న నియమం పెట్టుకుందాం. పెద్దల తరఫున ఫోను పట్టుకున్నవారు పంపే ముందు మూడు మాటలు గట్టిగా చదివి వినిపించాలి. ఎవరికి పోతోంది, ఎంత పోతోంది, పోయాక ఎంత మిగులుతుంది. పిన్‌ను పెద్దవారే తమ వేలితో కొట్టాలి. చదువు రాకపోయినా అంకెలు గుర్తుపట్టని తల్లి అరుదు. ఒక సాయంత్రం కూర్చుని నేర్పితే చాలు. ఫోను భాషను తెలుగుకు మార్చి ఇవ్వటం ఇంకా సులువు.

ఆలస్యమే అసలు శత్రువు

చివరిగా, మోసపోయినవారితో మనం ఎలా ప్రవర్తిస్తున్నాం? "అంత తెలివిలేదా?" అని నవ్వుతాం. ఆ నవ్వే మోసగాడికి పెద్ద అండ. మన నవ్వుకు భయపడి బాధితులు నోరు మూసుకుంటారు. ఆ గంటల్లో డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు దాటిపోతుంది. మోసం జరిగిందని తెలిసిన క్షణాన 1930 నంబరుకు ఫోన్ చేస్తే, డబ్బు ఇంకా ఏదో ఖాతాలో ఉంటే దాన్ని అక్కడే ఆపించే అవకాశం ఉంది. బ్యాంకుకూ వెంటనే తెలియజేయాలి. నిమిషాల్లో చేస్తే ఆశ ఉంటుంది, రోజులు గడిస్తే పశ్చాత్తాపమే మిగులుతుంది.

మోసగాళ్లు కూడా మనుషుల్లోని రెండు బలహీనతల మీదనే బతుకుతున్నారు. ఒకటి ఆశ, రెండు భయం. బహుమతి వచ్చిందంటారు, లేదా పోలీసులమంటారు. వీడియో కాల్‌లో కూర్చోబెట్టి "డిజిటల్ అరెస్టు" చేశామని బెదిరిస్తారు. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదని ప్రధానమంత్రి 2024 అక్టోబరులో ఆకాశవాణి ప్రసంగంలో స్వయంగా చెప్పవలసి వచ్చింది. పెళ్లిపత్రిక పేరుతో, చలానా పేరుతో ఫోనులోకి వచ్చే ఫైలు తెరిస్తే ఫోనే పరాయివాడి చేతికి పోతుంది. దుర్మార్గుడు ఏదైనా వార్త తెస్తే నిజమేమిటో విచారించుకోమని హుజురాత్ సూరా ఆరో వాక్యం మనకు పధ్నాలుగు వందల ఏళ్ల క్రితమే ఆదేశించింది. విచారించకుంటే తెలియక చేసిన పనికి తరువాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని కూడా అదే వాక్యం హెచ్చరిస్తోంది. తొందరపెట్టే ప్రతి ఫోనుకూ ఆ వాక్యమే జవాబు. ఫోను పెట్టేసి, ఒక గ్లాసు నీళ్లు తాగి, ఇంట్లో ఒకరిని అడిగితే చాలు, సగం మోసాలు అక్కడే ఆగిపోతాయి.

గాజుల ఖాలా ఇప్పుడు కూడా అదే బండి నడుపుతోంది. బండికి కోడ్ ఉంది, డబ్బా ఉంది. ఆమె ఫోను ఇప్పుడు తెలుగులో ఉంది. కొనేవారు పంపామంటే ఆమె నవ్వుతూ, "డబ్బా మాట్లాడనియ్యి బిడ్డా" అంటుంది. ఎవరూ కోపగించుకోవటం లేదు. ఆ మాటలో అనుమానం లేదు, బజారు మర్యాద ఉంది. పోయిన డబ్బు తిరిగి రాలేదు. కొడుకు మాత్రం తిరిగి అన్నం తింటున్నాడు, బస్తీలో పది మంది పెద్దవారికి పిన్ కొట్టటం నేర్పుతున్నాడు.

సోదరులారా! సోదరీమణులారా! ఈ జుమా సాయంత్రం ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఈ సంగతి మాట్లాడండి. ఇంట్లో ఎవరైనా మోసపోయి మౌనంగా ఉన్నారేమో మెత్తగా అడగండి. యంత్రం తన తనిఖీ తాను చేస్తుంది. దానికి పరలోకంలో లెక్క అప్పగించే పని లేదు. ఆ లెక్క మనది.

మన చేతికి వచ్చిన ప్రతి అమానతునూ హక్కుదారుకు చేర్చే శక్తిని, అడిగినప్పుడు ఓర్చుకునే సహనాన్ని, మోసాన్ని గుర్తించే వివేకాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.